లిథియం బ్యాటరీకి సిలికాన్ బలం: బెంగళూరు పరిశోధనశాల నుండి సరిహద్దు పల్లె దాకా

విద్యుత్తు మన సరిహద్దు ప్రాంతానికి కొత్త అతిథి కాదు. 1902లోనే శివనసముద్రం జలపాతం వద్ద పుట్టిన విద్యుత్తు సుమారు 150 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. 1905లో బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. విద్యుత్తును దూరానికి పంపించే విద్య అంత తొందరగా అలవడినా, దాన్ని తేలికగా మూటగట్టి జేబులో వేసుకునే విద్యకు మరో 90 సంవత్సరాలు పట్టింది. 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని బజారులో పెట్టడంతో ఆ కొరత తీరింది.

నేడు హిందూపురం నుండి హోసూరు దాకా, కుప్పం నుండి బాగేపల్లి దాకా ఏ పల్లెలో చూసినా ఈ బ్యాటరీ లేని ఇల్లు అరుదు. సెల్‌ఫోనులో ఉన్నది అదే, ఎలక్ట్రిక్ స్కూటరులో ఉన్నదీ అదే. వాయిదాల మీద స్కూటరు కొన్న కుటుంబానికి అందులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీయే. అది ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్న ఆ ఇంటి ఆర్థిక పరిస్థితికి సంబంధించిన ప్రశ్న. ఇటీవల ఫోన్ల ప్రకటనల్లో "సిలికాన్-కార్బన్ బ్యాటరీ" అన్న మాట తరచుగా కనిపిస్తున్నది. ఈ సిలికాన్ ఏమిటి, బ్యాటరీలో అది చేసే పని ఏమిటి, దాని వల్ల లాభమెంత, చిక్కులేమిటి, బెంగళూరుకూ మన ప్రాంతానికీ దీనితో ఉన్న సంబంధం ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో వరుసగా తెలుసుకుందాం.

బ్యాటరీ లోపల జరిగేదేమిటి?

లిథియం-అయాన్ బ్యాటరీలో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. ఒకవైపు ధనధ్రువమైన కాథోడు, మరొకవైపు ఋణధ్రువమైన ఆనోడు, రెండింటి నడుమ పల్చని తెర, అంతటా తడిసి ఉండే విద్యుద్విశ్లేష్య ద్రావణం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు కాథోడును వదలి, ద్రావణంలో ఈది, ఆనోడులోకి చేరి కూర్చుంటాయి. ఫోను గాని బండి గాని వాడుతున్నప్పుడు అవే అయాన్లు తిరుగుదారి పడతాయి. ఆ సమయంలో ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా ప్రవహించి మనకు పని చేసిపెడతాయి. కోస్తే వచ్చి కుప్పపడి, వాడుకలో ఖాళీ అయ్యే గాదె వంటిది ఆనోడు. గాదె ఎంత పెద్దదైతే ధాన్యం అంత నిలువ ఉంటుంది.

ఈ బ్యాటరీకి పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1970లలో లిథియంతో మళ్లీ మళ్లీ చార్జి చేయదగిన బ్యాటరీని రూపొందించిన స్టాన్లీ విట్టింగ్‌హామ్, 1980లో కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడును కనిపెట్టిన జాన్ గుడినఫ్, 1985లో ప్రమాదకరమైన లిథియం లోహం స్థానంలో కర్బన పదార్థాన్ని ఆనోడుగా పెట్టి నేటి బ్యాటరీకి రూపమిచ్చిన అకిరా యోషినో ఆ ముగ్గురు. తొలినాళ్లలో కోక్ వంటి కర్బనాన్ని వాడినా, తర్వాత గ్రాఫైట్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. గ్రాఫైట్ అంటే మన పిల్లల పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే.

గ్రాఫైట్‌కు ఉన్న హద్దు

గ్రాఫైట్ పొరలు పొరలుగా పేర్చిన కాగితాల కట్ట వంటిది. లిథియం అయాన్లు ఆ పొరల నడుమ దూరి కూర్చుంటాయి. అవి వచ్చినప్పుడు కట్ట సుమారు 10 శాతం మాత్రమే ఉబ్బుతుంది. అవి వెళ్లిపోగానే యథాస్థితికి వస్తుంది. అందువల్లనే గ్రాఫైట్ ఆనోడు వేలసార్లు చార్జింగ్ పెట్టినా చెక్కు చెదరకుండా పనిచేయగలుగుతున్నది.

అయితే దీనికొక హద్దు ఉన్నది. ఒక లిథియం పరమాణువుకు ఆశ్రయమివ్వడానికి 6 కర్బన పరమాణువులు కావాలి. ఆ లెక్కన ఒక గ్రాము గ్రాఫైట్ నిలువ చేయగల గరిష్ఠ విద్యుదావేశం 372 మిల్లీ ఆంపియర్-అవర్లు. ఇది ప్రకృతి విధించిన కట్టడి కనుక ఎంత నైపుణ్యం చూపినా దీన్ని మించడం సాధ్యం కాదు. నేటి కర్మాగారాలు ఇప్పటికే ఈ హద్దుకు చాలా దగ్గరగా వచ్చాయి.

సిలికాన్ గొప్పతనం

సిలికాన్ సంగతి వేరు. భూమి పైపొరలో ఆక్సిజన్ తర్వాత అత్యధికంగా ఉన్న మూలకం ఇదే. బరువులో నాల్గవ వంతుకు పైగా ఉంటుంది. మన వంకలలోని ఇసుక, గుట్టల మీది తెల్లరాయి, వరి ఊకలోని గరుకుదనం అన్నీ సిలికాన్ ఆక్సిజన్‌తో కలిసిన రూపాలే.

సిలికాన్‌లో లిథియం పొరల నడుమ దూరదు, దానితో కలిసి మిశ్రలోహమైపోతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద 4 సిలికాన్ పరమాణువులు 15 లిథియం పరమాణువులను ఇముడ్చుకుంటాయి. గ్రాఫైట్‌లో ఒక్క లిథియంకు ఆరుగురు మోయవలసి వస్తే, ఇక్కడ ఒక్కొక్కటి దాదాపు నాలుగింటిని మోస్తున్నదన్నమాట. ఈ లెక్కన గ్రాము సిలికాన్ సుమారు 3,580 మిల్లీ ఆంపియర్-అవర్లను నిలువ చేయగలదు. ఇది గ్రాఫైట్ కన్నా 9 రెట్లకు పైగా ఎక్కువ.

బ్యాటరీ 9 రెట్లు ఎందుకు పెరగదు?

ఇక్కడ పాఠకులు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఆనోడు బలం 9 రెట్లు పెరిగినంత మాత్రాన బ్యాటరీ బలం 9 రెట్లు పెరగదు. జోడెద్దులలో ఒకదాన్ని మాత్రమే మార్చినట్లుంటుంది ఇది. రెండవ ఎద్దయిన కాథోడు పాతదే కదా!

ఒక చిన్న లెక్క చూద్దాం. మంచి కాథోడు గ్రాముకు సుమారు 200 మిల్లీ ఆంపియర్-అవర్లు ఇస్తుందనుకుందాం. 1,000 మిల్లీ ఆంపియర్-అవర్ల ఘటానికి కాథోడు పదార్థం 5 గ్రాములు, గ్రాఫైట్ సుమారు 2.7 గ్రాములు కావాలి. మొత్తం 7.7 గ్రాములు. గ్రాఫైట్‌ను పూర్తిగా తీసివేసి స్వచ్ఛమైన సిలికాన్ పెడితే ఆనోడు 0.28 గ్రాములకు తగ్గుతుంది, మొత్తం 5.3 గ్రాములవుతుంది. అంటే బరువులో ఆదా సుమారు 31 శాతం. అదే సిలికాన్‌ను కర్బనంతో కలిపి గ్రాముకు 1,000 మిల్లీ ఆంపియర్-అవర్లు ఇచ్చే మిశ్రమాన్ని వాడితే మొత్తం 6 గ్రాములు, ఆదా సుమారు 22 శాతం.

దీన్ని బట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. సిలికాన్ వల్ల కలిగే లాభం నిజమైనదే గాని అది రెట్లలో కాక శాతాలలో ఉంటుంది. రెండవది, స్వచ్ఛమైన సిలికాన్ కోసం ప్రాణం పెట్టనవసరం లేదు, మిశ్రమంతోనే లాభంలో అధిక భాగం దక్కుతుంది. అందుకే నేడు బజారులో ఉన్న సిలికాన్ బ్యాటరీలలో ఎక్కువవాటిలో సిలికాన్ పాలు కొద్దిగానే ఉంటుంది. తిరగమోతలో ఆవాల వంటిదని చెప్పవచ్చు.

ఉబ్బే జబ్బు

ఇంత బలమున్న సిలికాన్ 30 ఏళ్లుగా గ్రాఫైట్‌ను పక్కకు నెట్టలేకపోవడానికి ముఖ్య కారణం దాని ఉబ్బు. లిథియంను నిండా నింపుకొన్నప్పుడు సిలికాన్ ఘనపరిమాణం దాదాపు 4 రెట్లవుతుంది. లిథియం వెళ్లిపోగానే మళ్లీ కుంచించుకుపోతుంది. నల్లరేగడి నేల వానకు తడిసి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చినట్లే సిలికాన్ కణాలు కూడా ప్రతి చార్జింగుకూ ఉబ్బి, వాడకంలో బీటలు వారి, చివరకు పొడిపొడి అవుతాయి. పొడి అయిన కణాలకు రాగి రేకుతో సంబంధం తెగిపోతుంది. సంబంధం తెగిన కణం బ్యాటరీలో ఉన్నా లేనట్లే.

దీనికి తోడు మరొక నష్టమున్నది. ఆనోడు ఉపరితలం మీద ద్రావణం విచ్ఛిన్నమై ఒక పల్చని పొర ఏర్పడుతుంది. కుండ లోపల పట్టే పాచి వంటిదన్నమాట. అయితే ఈ పొర మంచిదే. ఒకసారి ఏర్పడితే ద్రావణాన్ని మరింత చెడిపోకుండా కాపాడుతుంది. గ్రాఫైట్‌లో ఇది మొదటి కొద్ది చార్జింగులలో ఏర్పడి నిలబడుతుంది. సిలికాన్‌లో కణం పగిలిన ప్రతిసారీ కొత్త ఉపరితలం బయటపడుతుంది, దాని మీద మళ్లీ కొత్త పొర ఏర్పడుతుంది. ప్రతి పొరా కొంత లిథియంను శాశ్వతంగా బంధించి ఉంచుతుంది. బ్యాటరీలో లిథియం పరిమితం. ఈ విధంగా చిక్కుపడిన లిథియం మళ్లీ వాడుకకు రాదు.

ఈ నష్టం ఎంత స్వల్పంగా ఉండాలో చక్రవడ్డీ లెక్క తెలిసినవారు సులభంగా గ్రహించగలరు. ప్రతి చార్జింగులో 99.9 శాతం లిథియం తిరిగి వచ్చిందనుకుందాం. చాలా బాగున్నట్లే తోస్తుంది. కాని 500 చార్జింగుల తర్వాత మిగిలేది సుమారు 60 శాతమే. అదే 99.99 శాతం తిరిగి వస్తే 500 చార్జింగుల తర్వాత కూడా 95 శాతం మిగులుతుంది. దశాంశ బిందువు తర్వాత ఒక్క 9 అంకె కోసం ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నది ఇందువల్లనే.

శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయాలు

మొదటి ఉపాయం కణాన్ని చిన్నది చేయడం. సిలికాన్ కణం వ్యాసం 150 నానోమీటర్లకు లోబడి ఉంటే అది ఉబ్బినా పగలదని 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షల వంతు. అంతకు ముందే 2008లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో యీ కుయ్ బృందం సిలికాన్‌ను సన్నని నూలుపోగుల వలె పెంచి, వాటి నడుమ ఖాళీ వదిలితే ఉబ్బుకు చోటు దొరుకుతుందని నిరూపించింది. ఈ రంగంలో నేటి ఉత్సాహానికి ఆ పరిశోధన ఒక ముఖ్య కారణం.

రెండవ ఉపాయం కర్బనపు గూడు. తేనెపట్టు వలె రంధ్రాలున్న కర్బన కణాలను తయారుచేసి, ఆ రంధ్రాల గోడలకు సిలేన్ అనే వాయువు నుండి సిలికాన్‌ను పల్చగా పట్టిస్తారు. సిలికాన్ ఉబ్బినా రంధ్రంలోపలే ఉబ్బుతుంది. బయటి గోడ కదలదు. ప్రకటనలలో సిలికాన్-కార్బన్ అని చెప్పేది ఎక్కువగా ఈ రకం మిశ్రమాన్నే. సిలేన్ గాలి తగిలితే దానంతటదే మండే వాయువు కనుక ఈ కర్మాగారాలలో భద్రత ఖర్చుతో కూడిన వ్యవహారం.

మూడవది సిలికాన్ మోనాక్సైడ్. ఇందులో సిలికాన్‌తో పాటు ఆక్సిజన్ ఉండటం వల్ల ఉబ్బు తగ్గుతుంది. కాని మొదటి చార్జింగులోనే కొంత లిథియం ఆక్సిజన్‌తో కలిసి చిక్కుకుపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి ముందుగానే కొంత లిథియంను అదనంగా చేర్చే పద్ధతులున్నాయి.

నాల్గవది జిగురు. కణాలను రాగి రేకుకు అంటించే బంధక పదార్థం గ్రాఫైట్‌కు సరిపోయినది సిలికాన్‌కు సరిపోదు. సాగి మళ్లీ పట్టుకునే గుణం కావాలి. కలప గుజ్జు నుండి వచ్చే సెల్యులోజ్ జిగురు, పాలీ ఆక్రిలిక్ ఆమ్లం ఇందుకు ఉపకరించాయి. సముద్రపు నాచు నుండి తీసిన ఆల్జినేట్ కూడా పనికివస్తుందని 2011లో ప్రకటించారు. వీటితో పాటు ద్రావణంలో ఫ్లోరిన్ కలిసిన సంకలితాలను కొద్దిగా కలిపితే రక్షణ పొర గట్టిపడుతుంది.

ప్రయోగశాల నుండి బజారుకు

అమెరికాకు చెందిన టెస్లా సంస్థ తన కార్ల బ్యాటరీలో గ్రాఫైట్‌తో పాటు కొద్దిపాటి సిలికాన్ కలపడం మొదలుపెట్టినట్లు 2015లో వెల్లడించింది. 2021లో సిలా నానోటెక్నాలజీస్ తయారుచేసిన సిలికాన్ ఆనోడుతో చేతికి ధరించే ఒక ఆరోగ్య పరికరం వచ్చింది. 2023లో చైనాలో హానర్ సంస్థ సిలికాన్-కార్బన్ బ్యాటరీతో సెల్‌ఫోనును విడుదల చేసింది. ఆ తర్వాత రెండేళ్లలోనే 6,000, 7,000 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలున్న పల్చని ఫోన్లు మన దేశపు దుకాణాలకు కూడా చేరుకున్నాయి. ఫోన్లలో ఇది ముందుగా స్థిరపడటానికి కారణం స్పష్టమే. ఫోనును మూడు నాలుగేళ్లకు మార్చేవారు ఎక్కువ. బండి బ్యాటరీ అంతకన్నా ఎక్కువ కాలం మన్నాలి, ఎండకూ గతుకులకూ ఓర్చుకోవాలి. కనుక బండ్లలో సిలికాన్ పాలు నెమ్మదిగా పెరుగుతున్నది.

బెంగళూరు పాత్ర

మన దేశంలో విద్యుత్ వాహనాల చరిత్రకు బెంగళూరు పుట్టిల్లు వంటిది. 2001లో రేవా అనే చిన్న విద్యుత్ కారు ఈ నగరం నుండే వెలువడింది. అది సీసం-ఆమ్లం బ్యాటరీలతో నడిచేది. సీసం బ్యాటరీ కిలోకు 30 నుండి 40 వాట్-అవర్ల శక్తినిస్తే, మంచి లిథియం ఘటం 250 వాట్-అవర్ల దాకా ఇస్తుంది. రేవాకు ఉన్న ఇబ్బందులలో అధిక భాగం ఆ బరువు వల్లనే కలిగాయి. 2010లో ఆ సంస్థను మహీంద్రా స్వీకరించింది. 2013లో స్థాపితమైన ఏథర్ ఎనర్జీ 2018లో బెంగళూరులో తన స్కూటరును విడుదల చేసి, తర్వాత హోసూరులో కర్మాగారం నెలకొల్పింది. బెంగళూరు కేంద్రంగా గల ఓలా ఎలక్ట్రిక్ కృష్ణగిరి జిల్లాలోని తన కర్మాగారంలో 2024లో లిథియం ఘటాల ఉత్పత్తికి శ్రీకారం చుట్టింది. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం 18,100 కోట్ల రూపాయలతో ఆమోదించిన ప్రోత్సాహక పథకం ఇటువంటి కర్మాగారాలను ఉద్దేశించినదే. హోసూరు, కృష్ణగిరి పరిసరాలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. కాబట్టి ఈ పరిశ్రమ మన ఇళ్లకు కూతవేటు దూరంలో పెరుగుతున్నదనే చెప్పాలి.

పరిశోధన విషయానికి వస్తే, 1909లో స్థాపితమైన భారతీయ విజ్ఞాన సంస్థ ఈ నగరానికి ఆభరణం. అక్కడి ఘనస్థితి, నిర్మాణాత్మక రసాయన విభాగంలో ఆచార్య నాగఫణి ఏటుకూరి బృందం 2022లో ఒక ముఖ్యమైన పరిశోధనను ప్రకటించింది. ద్రావణానికి బదులు ఘన పదార్థాన్ని వాడే బ్యాటరీలలో స్వచ్ఛమైన లిథియం లోహమే ఆనోడుగా ఉంటుంది. దాని బలం గ్రాముకు 3,860 మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే సిలికాన్ కన్నా కొంచెం ఎక్కువే. అయితే వాడకంలో లిథియం ఉపరితలం మీద సూక్ష్మమైన గుంటలు పడి, ఆ గుంటల అంచుల వద్ద నుండి లిథియం ముళ్లవలె పెరిగి బ్యాటరీని చెడగొడుతున్నదని ఈ బృందం చూపింది. టంగ్‌స్టన్, మాలిబ్డినం వంటి లోహాల అతి పల్చని పొరను మధ్యలో పెడితే ఆ దోషం ఆలస్యమవుతుందని కూడా నిరూపించింది. సిలికాన్‌కు ఉబ్బు ఎటువంటి సమస్యో, లిథియం లోహానికి ఈ ముళ్లు అటువంటి సమస్య. గ్రాఫైట్‌ను మించాలంటే ఈ రెండు దారులలో ఏదో ఒకదాన్ని సుగమం చేయక తప్పదు.

1989లో బెంగళూరులోనే స్థాపితమైన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో ఆచార్య ప్రేమ్‌కుమార్ సెంగుట్టువన్ బృందం ఇంకొక దారి పట్టింది. లిథియంకు బదులు ఉప్పులో ఉండే సోడియంతో పనిచేసే బ్యాటరీని రూపొందించి, 6 నిమిషాలలో 80 శాతం చార్జి అవుతుందని 2025లో ప్రకటించింది. ఇక భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తాను ఉపగ్రహాల కోసం అభివృద్ధి చేసిన లిథియం-అయాన్ ఘటాల పరిజ్ఞానాన్ని 2018లో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్‌కు అందజేసింది.

తెలుగు నేల మీద

సిలికాన్ ఆనోడుకు సంబంధించి హైదరాబాదుకు చెందిన గోడి ఇండియా సంస్థను ప్రత్యేకంగా పేర్కొనాలి. సిలికాన్ ఆనోడుతో 5.2 ఆంపియర్-అవర్ల స్తూపాకార ఘటాన్ని తయారుచేసినట్లు 2024లో ఆ సంస్థ ప్రకటించింది. దాని శక్తి సాంద్రత కిలోకు 275 వాట్-అవర్లని తెలిపింది. ఇటువంటి ఘటం మన దేశంలో ఇదే మొదటిదని పేర్కొన్నది. చిత్తూరు సీమలో పుట్టి సీసం బ్యాటరీలతో ఇంటింటికీ పరిచయమైన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల ప్రణాళికతో లిథియం బ్యాటరీల సముదాయానికి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. తిరుపతిలో మునోత్ సంస్థ ఫోన్లకు పనికివచ్చే లిథియం ఘటాల కర్మాగారాన్ని నెలకొల్పింది.

ముడిసరుకు మాట

సిలికాన్ మీద ఆసక్తికి బరువు తగ్గడం ఒక్కటే కారణం కాదు. బ్యాటరీలకు పనికివచ్చేంత శుద్ధి చేసిన గ్రాఫైట్‌లో 90 శాతానికి పైగా చైనాలోనే తయారవుతున్నది. 2023 డిసెంబరు 1 నుండి గ్రాఫైట్ ఎగుమతికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ ఆ దేశం నిబంధన విధించింది. ఒక్క దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. మన పొరుగున బళ్లారి జిల్లా విజయనగరం వద్ద ఎప్సిలాన్ సంస్థ ఉక్కు కర్మాగారం నుండి వచ్చే తారుతో గ్రాఫైట్ ఆనోడు పదార్థం తయారు చేయడానికి పూనుకోవడం, కోల్‌కతాకు చెందిన హిమాద్రి సంస్థ సిలికాన్ ఆనోడు పరిజ్ఞానం గల ఆస్ట్రేలియా సంస్థ సికోనాలో 2023లో పెట్టుబడి పెట్టడం ఈ నేపథ్యంలోనే చూడాలి. లిథియం విషయానికి వస్తే మండ్య జిల్లా మార్లగళ్ల, అల్లాపట్న ప్రాంతంలో 1,600 టన్నుల నిక్షేపం ఉండవచ్చని అణు ఖనిజ సంచాలక కార్యాలయం గుర్తించింది. ఇది ప్రాథమిక అంచనా మాత్రమే. దేశ అవసరాల ముందు ఇది స్వల్పం.

రైతు కుటుంబాలకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటున్నది. వరి మొక్క నేలలోని సిలికాను పీల్చుకుని ఊకలో నిలువ చేసుకుంటుంది. ఆ సిలికా సహజంగానే నానో పరిమాణంలో ఉంటుంది. దాన్ని మెగ్నీషియంతో కలిపి వేడిచేస్తే ఆక్సిజన్ మెగ్నీషియంకు అంటుకుని సిలికాన్ మిగులుతుంది. ఊక నుండి ఈ విధంగా తీసిన సిలికాన్ మంచి ఆనోడుగా పనిచేస్తుందని 2013లో అమెరికా, కొరియా శాస్త్రజ్ఞులు వేరువేరుగా చూపించారు. వెయ్యి కిలోల వడ్లకు సుమారు 200 కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే 36 కిలోల దాకా బూడిద, ఆ బూడిదలో 32 కిలోల దాకా సిలికా, దాని నుండి గరిష్ఠంగా 15 కిలోల సిలికాన్ రావచ్చునని లెక్క. అయితే మెగ్నీషియం ఖరీదు, ఆమ్లాలతో శుద్ధి చేసే ఖర్చు తక్కువ కాదు. ఈ లెక్క చూసి ఎవరైనా "ఊక బ్యాటరీ" పేరుతో పెట్టుబడులు అడిగితే తొందరపడరాదు. కర్మాగారం, కొనుగోలుదారు, ఒప్పంద పత్రం మూడూ కళ్లారా చూసిన తర్వాతనే డబ్బు మాట ఎత్తాలి.

ఎక్కడ అవసరం లేదు?

పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రమున్నది. రైతులు భూమిని అమ్ముకోకుండా కౌలుకు ఇచ్చిన ప్రాజెక్టు అది. పగటి ఎండను రాత్రికి దాచుకోవాలంటే అటువంటి చోట్ల పెద్ద బ్యాటరీలు కావాలి. మరి అక్కడ సిలికాన్ అవసరమా? కానేకాదు. నేల మీద కదలకుండా ఉండే బ్యాటరీకి బరువుతో నిమిత్తం లేదు. తక్కువ ధర, ఎక్కువ మన్నిక ముఖ్యం. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, సోడియం బ్యాటరీలు అందుకు తగినవి. సిలికాన్ రాణించేది మోసుకుపోయే వస్తువులలోనే. 3 కిలోవాట్-అవర్ల స్కూటరుకు కిలోకు 250 వాట్-అవర్ల ఘటాలైతే 12 కిలోలు కావాలి. 300 వాట్-అవర్ల ఘటాలైతే 10 కిలోలు చాలు. లేదా అదే బరువుతో ఐదవ వంతు దూరం అదనంగా పోవచ్చు. మారుమూల పల్లె నుండి పట్టణానికి పోయి వచ్చేవారికి ఈ తేడా చిన్నది కాదు.

వాడేవారు గమనించవలసినవి

సిలికాన్ ఉన్నదన్న మాటను బట్టి కాక, వారంటీని బట్టి వస్తువును ఎంచుకోవాలి. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి తగ్గితే మార్చి ఇస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి.

సిలికాన్ కలిసిన బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరాదు. వాడకంలో గ్రాఫైట్ ముందుగా లిథియంను వదులుతుంది, సిలికాన్ చివరలో వదులుతుంది. అంటే బ్యాటరీ అడుగంటినప్పుడే సిలికాన్‌కు ఎక్కువ శ్రమ. 20 శాతానికి రాగానే చార్జింగ్ పెట్టడం మేలు.

ఫోను వెనుక భాగం ఉబ్బితే అది సిలికాన్ సహజ గుణమని ఊరుకోరాదు. కణాల ఉబ్బును తయారీదారులు ముందుగానే లెక్కలోకి తీసుకుంటారు. బయటికి కనిపించే ఉబ్బు లోపల వాయువు పుట్టినదానికి గుర్తు. వెంటనే వాడకం ఆపి, గుచ్చకుండా, నొక్కకుండా సర్వీసు కేంద్రానికి చేర్చాలి.

బండి బ్యాటరీని పడకగదిలో గాని, మెట్ల కింద గాని చార్జింగ్ పెట్టరాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక గృహస్థు మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల వల్ల పైన ఉన్న లాడ్జిలోని 8 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ఘటనల తర్వాత ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలులోకి తెచ్చారు. బండి కొనేటప్పుడు ఆ ప్రమాణం గురించి అడిగి తెలుసుకోవాలి. బండితో వచ్చిన చార్జరునే వాడాలి.

పాడైన లిథియం బ్యాటరీని పాత ఇనుము కొనేవారికి ఇవ్వరాదు, పగలగొట్టరాదు, చెత్తకుప్పలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులదే.

చదువుకునే పిల్లలకు

ఈ రంగంలో పనిచేయాలంటే కంప్యూటర్ చదువే చదవాలన్న నియమం లేదు. బ్యాటరీ ప్రధానంగా రసాయనశాస్త్రం. భౌతిక, రసాయన శాస్త్రాలు, లోహశాస్త్రం చదివినవారికి పరిశోధనలోనూ, ఐటీఐ, డిప్లొమా చేసినవారికి కర్మాగారాలలోనూ అవకాశాలున్నాయి. ఘటాల కర్మాగారంలో గాలిలో తేమను కూడా లెక్కపెట్టి నియంత్రిస్తారు. శుభ్రత, ఓపిక, కొలతలలో ఖచ్చితత్వం అక్కడ డిగ్రీ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. భారతీయ విజ్ఞాన సంస్థలో ఇంటర్మీడియెట్ తర్వాత చేరదగిన 4 సంవత్సరాల పరిశోధనాత్మక డిగ్రీ 2011 నుండి ఉన్నది. నెహ్రూ కేంద్రం వేసవి సెలవులలో విద్యార్థులకు పరిశోధన శిక్షణ వేతనాలిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఈ పేర్లు విని వెనుకాడనవసరం లేదు. పదవ తరగతి నుండే రసాయన శాస్త్రంలో మోల్ లెక్కలు, ఆక్సీకరణ, క్షయకరణ అధ్యాయాలను శ్రద్ధగా నేర్చుకుంటే పునాది పడినట్లే. పైన చెప్పిన 372, 3,580 అన్న అంకెలు ఆ అధ్యాయాలలోని లెక్కలతో వచ్చినవే.

మొత్తం మీద సిలికాన్ వల్ల రాత్రికి రాత్రి అద్భుతాలు జరగవు. గ్రాఫైట్‌కు తోడుగా కొద్దికొద్దిగా చేరుతూ బ్యాటరీని తేలిక చేస్తున్నది. ఉబ్బును అదుపు చేసే విద్య పెరిగిన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. ఒకప్పుడు బంగారం కోసం భూమిని మైళ్ల లోతున తవ్విన ఈ ప్రాంతంలో, ఇసుకలోనూ ఊకలోనూ ఉన్న మూలకానికి విలువ కట్టే పరిశ్రమ మన గుమ్మం ముందుకు వస్తున్నది. దానిలో మన పల్లెల పాత్ర కొనుగోలుదారులుగానే ముగియకుండా ఉండాలంటే, తెలిసి కొనడం, తెలిసి వాడటం, పిల్లలను ఆ శాస్త్రం వైపు నడిపించడం ఇప్పటి నుండే జరగాలి.